తిరిగిచ్చిన బియ్యం

పంపకం రోజున అందరూ నవ్వుతూనే ఉంటారు. అందుకే మర్నాడు వెళ్లి చూడాలన్నది నతానియేల్ పద్ధతి. బస్తా ఎవరి భుజం మీద ఏ ఇంటికి చేరిందో, ఎవరి పొయ్యి మీద ఉడికిందో మర్నాడైతేనే తెలుస్తుంది. సరిహద్దు అవతలి కొండల్లో తుపాకులు మోగడం మొదలయ్యాక ఊళ్లొదిలి ఇవతలికి వచ్చినవాళ్ల మంచిచెడ్డలు చూసే పని అతనిది. తిండి ఇచ్చే సంస్థ ఒకటి, మందులిచ్చేది ఇంకొకటి, దుప్పట్లిచ్చేది మరొకటి. వీటన్నిటినీ ఒక తాటి మీద నడిపించాలి. ఇచ్చింది బలవంతుల పాలు కాకుండా, దిక్కులేదు కదా అని ఎవరూ వాళ్లను వాడుకోకుండా చూడాలి. కాకినాడ మనిషి. భార్య మగ్దలేనమ్మ చనిపోయిన ఏడాదే ఈ ఉద్యోగం ఒప్పుకుని అరకులోయ వచ్చేశాడు. అక్కడి చలికి ఇంకా అలవాటు పడలేదు.

జీపు జీలుగుగుడ చేరేసరికి మంచు విడలేదు. ఊరికి ఎగువన, కాఫీ చెట్లు ఆగి అడవి మొదలయ్యే చోట, నల్ల పట్టాలు కప్పిన పది పన్నెండు గుడిసెలున్నాయి. కిందటేడు వానల్లో వచ్చినవాళ్లవి. దారి బాగుపడ్డాక ఆ గుడిసెలకి బియ్యం బస్తాలు చేరడం నిన్ననే మొదలు.

మొదటి గుడిసె సోనిది. లోపల ఎవరూ లేరు. పక్క గుడిసె ముందు ఎండ కోసం కూర్చున్న ముసలాయన చేత్తో కిందికి చూపించాడు.

"ఊళ్లోకెళ్లింది సార్, బస్తా ఎత్తుకుని," అన్నాడు ధనుంజయ్. జీపు నడిపేదీ అతనే, ఆ కొండ ఒడియాని తెలుగులోకి మార్చి చెప్పేదీ అతనే. డుంబ్రిగుడ దగ్గరి మనిషి. నలభై దాటినా పాట లేకుండా బండి నడపడు.

"బస్తాతో ఊళ్లోకి ఎందుకు?" అన్నాడు నతానియేల్. అప్పటికే మనసు కీడు శంకించింది.

కింద ఊళ్లో, సోములమ్మ అనే ఆవిడ ఇంటి వాకిట్లో చాప పరిచి ఉంది. సంస్థ గుర్తున్న తెల్ల బస్తా దాని మీద నోరు తెరుచుకుని ఉంది. సోని అడ్డ అనే కొలపాత్రతో కొలుస్తోంది. ఒక అడ్డ సోములమ్మ బానలోకి, ఒక అడ్డ తన గోనెలోకి. గింజ జారకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టి పోస్తోంది. సోములమ్మ అరుగు మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, చుట్ట కాలుస్తూ చూస్తోంది. కొలవడం అయ్యాక సోని చేట అందుకుని, ఆ ఇంటివాళ్ల చోళ్లు, అదే రాగులు, చెరగడం మొదలుపెట్టింది.

నతానియేల్ దడి దగ్గరే ఆగిపోయాడు. ఆశ్రయం ఇచ్చినవాళ్లు వాటా అడగడం అతను వేరేచోట చూశాడు. అక్కడ వాటా బియ్యంతో మొదలై, ఆడపిల్ల దాకా వెళ్లింది.

"అమ్మా, ఆ బియ్యం ఎవరివి?" అని అడిగాడు, వాకిట్లోకి వచ్చి.

"నేస్తానివి," అంది సోములమ్మ.

"మరి మీ బానలోకి వచ్చాయే?"

"ఏటి బాబూ అలగడుగుతావు? నేస్తం బియ్యం నా బానలోకి రాపోతే మరెవర్తి బానలోకి పోతాయి?" నవ్వి, చుట్ట నోట్లోంచి తీసి, పీట అతని వైపు తోసింది. "కూకో. మంచులో వచ్చినావు."

అతను కూర్చోలేదు. సోని వైపు తిరిగి, ఇష్టపడే ఇస్తోందా అని అడగమన్నాడు ధనుంజయ్‌ని. సోని తల దించుకుని ఊపింది. భయపడేవాళ్లు కూడా ఇలాగే ఊపుతారు, అనుకున్నాడు నతానియేల్.

"వదిలేద్దాం సార్," అన్నాడు ధనుంజయ్ గొంతు తగ్గించి. "ఇది ఆడోళ్లిద్దరి మధ్య సంగతి. నేస్తం కట్టుకున్నోళ్లు."

"స్నేహితులే కావచ్చు. ఒకళ్లకి ఇల్లుంది, ఒకళ్లకి లేదు. లేనివాళ్లు కాదనగలరా?"

ధనుంజయ్ ఏదో అనబోయి, జేబులో తాళాలు వెతుక్కున్నాడు.

నతానియేల్ గొంతు పెంచలేదు. జీవితంలో ఎప్పుడూ పెంచలేదు. ఆసుపత్రిలో రోగికి చెప్పినంత మెల్లగా చెప్పాడు. "మీది తప్పనడం లేదమ్మా. ఈ బియ్యం ఊరొదిలి వచ్చినవాళ్ల కోసం వచ్చాయి. వాళ్లవి వాళ్ల దగ్గరే ఉండాలి. దయచేసి తిరిగిచ్చెయ్యండి. లేకపోతే నేను మాట పడాలి. వచ్చే నెల ఆ గుడిసెలకి బస్తాలు రావు."

చేట ఆగిపోయింది. సోములమ్మ చుట్టని అరుగు అంచుకి నొక్కి ఆర్పింది. సోని వంక చూసింది.

"ఇచ్చీమంటావా నేస్తం?"

సోని బస్తా వంక చూసింది. తర్వాత ఎగువన, మంచులోంచి అప్పుడే తేలుతున్న గుడిసెల వంక చూసింది.

"సెప్పు నేస్తం. నీ నోటితో ఒక్క మాట సెప్పు."

సోని పెదవులు కదిలాయి గానీ మాట పైకి రాలేదు. సోములమ్మ కాసేపు ఎదురుచూసి లేచింది. బానని నడుముకి ఆనించుకుని వంచి, బియ్యం బస్తాలోకి పోసేసింది. అరచెయ్యి లోపలికి పెట్టి గోడలకి అంటుకున్న గింజలు గీకింది. చాప మీద పడ్డవి ఒక్కొక్కటే ఏరి వేసింది. బాన మూతి అతని వైపు తిప్పి, "ఇంకో గింజ నేదు. సూసుకో బాబూ," అని లోపలికి వెళ్లిపోయింది.

సోని బస్తా మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుండిపోయింది. మూతి కట్టలేదు. ఆ కట్టు నతానియేలే కట్టాడు. ఒక్క కటువైన మాట లేకుండా పని జరిగినందుకు లోలోపల తృప్తిగానే ఉంది అతనికి. కొండ దిగుతున్నంతసేపూ ధనుంజయ్ పాట పెట్టలేదన్న సంగతి గమనించాడు గానీ, పట్టించుకోలేదు.

మర్నాడు అరకులో అన్ని సంస్థలవాళ్లూ అధికారులూ కలిసే సమావేశం. బియ్యం సంగతి చెప్పాడు. మందుల సంస్థ నుంచి వచ్చిన ఏంజెలిన్ మెచ్చుకుంది. ఎవరో టీ కప్పు అతని ముందుకి జరిపారు. అప్పుడు లక్ష్మీప్రసాద్ లేచాడు. అడవుల అధికారి. కుర్రవాడు, చెడ్డవాడు కాదు. మాట్లాడే ముందు కళ్లజోడు తుడుచుకుంటాడు.

"జీలుగుగుడ గుడిసెల సంగతి ఇక తేల్చమని పైనుంచి ఒత్తిడి వస్తోందండీ. ఆ నేల కాగితాల్లో అడవి, వాడుకలో ఊరిది. గురువారం గ్రామసభ. ఊరివాళ్లు నోరు తెరిచి 'వీళ్లు మా మనుషులు' అంటే చాలు, వచ్చే వానలు దాటేదాకా నేనటు తొంగి కూడా చూడను. అనకపోతే మాత్రం కొయ్యూరు అవతల వేసిన రేకుల షెడ్లకి తరలించాలి. లారీలకి కూడా చెప్పేశారు."

ఆ షెడ్లు నతానియేల్ చూశాడు. చుట్టూ ముళ్ల కంచె, గేటు దగ్గర మనిషి, విత్తనం వేసుకుందామంటే బెత్తెడు నేల లేదు. ఇక్కడ గుడిసెల వెనక వాలులో సోని వాళ్లు వేసిన సామ ఎర్రబడి, కోతకి దగ్గరగా ఉంది.

"ఊరు కాదనదండీ," అన్నాడు ధీమాగా. "ఇన్నాళ్లూ అనలేదు."

తిరిగి వస్తుంటే, రైలు గేటు దగ్గర బండి ఆపి ధనుంజయ్ అన్నాడు, "సార్, ఒక మాట. మీరు కోప్పడకూడదు."

"నేనెప్పుడు కోప్పడ్డానయ్యా?"

"అదే సార్ మీతో కష్టం. కోప్పడేవాడికైతే ఎదురు చెప్పొచ్చు."

గూడ్సు బండి ఇనుప రాయి మోసుకుంటూ పోతోంది. అది పోయేదాకా ఆగి చెప్పాడు.

"కిందటేడు వీళ్లొచ్చినప్పుడు ఊరు రానివ్వలేదు సార్. వాగు అవతల వానలో ఉండిపోయారు. వీళ్ల వెనక ఎవరొస్తారో, ఎవరు తుపాకీ పట్టుకుని అడుగుతారో అని ఊరికి భయం. సోని బిడ్డకి జొరం. సోములమ్మ వాగు దాటెళ్లి సోనితో నేస్తం కట్టింది. ఊరి పూజలు చేసే దిసారిని పిలిపించి, కొండదేవత ముందు పూలు మార్చుకున్నారు. నేస్తం మనిషంటే ఊరి మనిషే. అందుకే మిగతావాళ్లకీ చోటిచ్చారు. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకరు. దొరికింది చెరి సగం. వానలన్నాళ్లూ సోములమ్మ చోళ్లు అడ్డ అడ్డా కొలిచిచ్చింది సార్. తిరిగి పెట్టడానికి సోనికి ఏదైనా దొరికిందంటే, అది మొన్నటి మీ బస్తానే."

గేటు లేచింది. వెనక బస్సువాడు హారన్ కొడుతున్నాడు. ధనుంజయ్ బండి కదిలించలేదు.

"నేస్తం పెట్టింది తిరిగిచ్చేస్తే తెగిపోయినట్టు సార్. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని ఉండదు. మళ్లీ కట్టరు."

"మరి నాకు ముందే..." అని ఆగిపోయాడు నతానియేల్. వదిలేద్దాం సార్ అని ధనుంజయ్ అన్న మాట చెవిలో పడింది, ఇప్పుడే అన్నట్టుగా.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కొండెక్కారు. సోములమ్మ కాఫీ పళ్లు కోస్తోంది. నడుముకి బుట్ట కట్టుకుని, కొమ్మని ఒంచి, ఎర్రటివి మాత్రమే రెండు వేళ్లతో తిప్పి తుంచుతోంది. పచ్చివి తగిలితే వేళ్లు వాటంతట అవే దాటుకుపోతున్నాయి. అతన్ని చూసి పని ఆపలేదు, ముఖమూ తిప్పుకోలేదు.

"అమ్మా, నాది తప్పయింది. నాకు తెలియలేదు."

"మీకెలగ తెలుస్తాది బాబూ. మీరు మంచోరే."

"ఆ సగం బియ్యం నేనే మోసుకొచ్చి మీ బానలో పోస్తాను. ఊరందరి ముందూ పోస్తాను."

"బియ్యానికేటి?" అంది కొమ్మ వదిలేస్తూ. అది పైకి లేచి, మంచు నీళ్లు ఇద్దరి మీదా చిలికింది. "నా బానలో తిండికేటి కరువని తీసుకున్నానా? ఆవిడ పెట్టింది గావున తీసుకున్నాను. రెండుసార్లు అడిగినాను. సెప్పు, సెప్పు అని. నోరు తెరవనేదు."

"భయపడింది. నేను బెదిరించాను. పిల్లలున్నారు."

"తెలుసు." ఇంకో కొమ్మ ఒంచింది. "తెలిసినా తెగింది తెగిందే. సచ్చినోడు ఎందుకు సచ్చాడో తెలిస్తే లేచొస్తాడేటి?"

చనిపోయిన మనిషి మాట వచ్చేసరికి నతానియేల్‌కి మగ్దలేనమ్మ గుర్తొచ్చింది. బుట్ట నిండితే తను అందుకుని గోనెలో పోశాడు. ఆమె వద్దనలేదు.

అందరూ నాయుడని పిలిచే ఊరి పెద్ద గాసి ఇంటికి వెళ్లారు. డెబ్బై దాటిన మనిషి, పొయ్యి దగ్గర కూర్చుని గొడ్డలికి కామ బిగిస్తున్నాడు. సంగతంతా విన్నాడు. ఊరికి తెలియనిదేమీ లేదు అప్పటికే.

"ప్రాయశ్చిత్తం లాంటిది ఏదైనా ఉందా నాయుడుగారూ? కోడినో మేకనో... ఏం కావాలన్నా తెస్తాను."

"కోడి దొంగతనానికండీ. మేక కొట్లాటకి." గాసి గొడ్డలి తిప్పి చూసుకున్నాడు. "మీ సర్చీలో పెళ్లయిందంటే దేవుడు కలిపినాడంటారు గదా, మనిషి విడదీయకూడదంటారు. మరి దేవుడు కలిపింది మీరెలగ విడదీసీసినారండీ? మీకాడ పర్మిసన్ గానీ ఉందేటి?"

ధనుంజయ్ తల తిప్పుకున్నాడు. గాసి భార్య అప్పుడే నిప్పుల్లోంచి చిలగడదుంప తీసి, బూడిద దులిపి, అడ్డాకులో పెట్టి నతానియేల్ చేతికిచ్చింది. "తిను బాబూ. ఈయన నోరలాటిదే. నాకూ అలగే పడతాయి," అంది.

"గురువారం మీరు ఒక్క మాట చెప్తే..." అన్నాడు నతానియేల్, దుంప చేతిలో పట్టుకునే.

"నేను సెప్పడానికి నాకేటి సుట్టం ఆళ్లు? సోములమ్మ నేస్తమని ఊరొప్పుకుంది. ఇప్పుడు సోములమ్మే సెప్పాల. దేవత ముందర కట్టినదాని మీద అబద్ధమాడమని దానికి నేను సెప్పను." గొడ్డలి పక్కన పెట్టేశాడు. "కోపమేటీ నేదండి. భయముంది. తుపాకులోళ్లొచ్చి ఆళ్లెవరని అడిగితే, కిందటేడయితే సెప్పడానికి ఒక మాటుండేది."

గురువారం బడి వాకిట్లో గ్రామసభ పెట్టారు. ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. గుడిసెలవాళ్లు అందరి వెనకా, దడి వారన కూర్చున్నారు. సోని బిడ్డని ఒళ్లో వేసుకుంది. లక్ష్మీప్రసాద్ కళ్లజోడు తుడుచుకుని, సంగతి రెండుసార్లు నిదానంగా చెప్పాడు. ధనుంజయ్ ఒడియాలో చెప్పాడు.

"మరి వీళ్లు మీ మనుషులేనా? ఎవరైనా చెప్పండి."

ఎవరూ కదలలేదు. గాసి నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నాడు. అందరి చూపులూ మెల్లగా ఒకచోటికి చేరాయి. సోములమ్మ లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది.

"మీరు చెప్తారా అమ్మా? వీళ్లెవరు?"

సోములమ్మ దడి వైపు చూడలేదు. ఎదురుగా బడి గోడ మీద రాసిన అక్షరాలు చూస్తూ అంది, "అక్కడ సోని అని ఒకావిడుంది."

పేరు వినగానే వెనకనుంచి చిన్న శబ్దం వచ్చింది, దెబ్బ తగిలినవాళ్లు ఊపిరి పీల్చినట్టు. ఏడాదికి పైగా ఆ నోట్లోంచి రాని పేరది.

"మా వాలులో సామేసుకుంది. మంచి మనిషి. నాకు... నాకేటీ కాదు."

కూర్చుండిపోయింది. పక్కన ఉన్న ఆడవాళ్లు కాస్త జరిగి ఆమెకి చోటిచ్చారు. ఒకామె ఆమె మోకాలి మీద చెయ్యి వేసి తీయలేదు.

నతానియేల్ లేచాడు. "అయ్యా, ఇది నావల్ల జరిగింది. వాళ్ల మధ్య ఉన్నది నేను తెంపాను. ఊరు చెప్పాల్సిన మాట నేను చెప్తాను. వీళ్లు ఈ ఊరి మనుషులే."

"మీది ఈ ఊరు కాదు కదండీ," అన్నాడు లక్ష్మీప్రసాద్. వెటకారంగా అనలేదు. నిజంగా బాధపడుతూనే అన్నాడు. "మీరు చెప్తే నేను రాసుకోలేను."

"కోత అయ్యేదాకా అయినా ఆగలేరా?"

"పై ఆఫీసుకి ఫోన్ చేసి అడుగుతాను." అడిగాడు కూడా, బడి వెనక చెట్టు కింద నిలబడి, చాలాసేపు. తిరిగి వచ్చి తల అడ్డంగా ఊపాడు. సోములమ్మ మళ్లీ లేచి, "కోసుకోడానికి మనుషులొస్తే మేమూ సెయ్యేస్తాం," అంది. సామ పూర్తిగా పండలేదు. అయినా ఆ సాయంత్రం ఊరివాళ్లూ గుడిసెలవాళ్లూ ఆ వాలులో పక్కపక్కనే వంగి, ఎర్రబడిన వెన్నులు మాత్రం ఏరి కోశారు. సోములమ్మ ఒక చివర, సోని ఇంకో చివర. మధ్యలో నతానియేల్, మోకాళ్లు పట్టేస్తున్నా కొడవలి వదల్లేదు. వాళ్లిద్దరూ ఒక్కసారైనా ఒకచోటికి వస్తారేమోనని చూస్తూనే ఉన్నాడు. చేను అయిపోయింది గానీ, వాళ్లు కలవలేదు.

శనివారం పొద్దున లారీలు తారురోడ్డు దాకానే రాగలిగాయి. గుడిసెలవాళ్లు పట్టాలు మడిచి, గిన్నెలు గోనెల్లో వేసుకుని, కోళ్లని కాళ్లు కట్టి దిగుతున్నారు. నతానియేల్ జీపులో ముసలాయన్నీ ఇద్దరు బాలింతల్నీ ఎక్కించుకుని దింపి, మళ్లీ పైకి వస్తున్నాడు. ఊరి మలుపులో సోములమ్మ బండికి అడ్డంగా నిలబడి ఉంది.

కిటికీ దగ్గరికి వచ్చి, పాత చీరముక్కలో కట్టిన మూట అతని ఒళ్లో పెట్టింది. బరువుగా ఉంది. పొయ్యి పైన అటక మీద దాచిన విత్తనాల పొగ వాసన వేస్తోంది.

"సోడి ఇత్తనాలు. కింద కంది కూడా ఉంది. ఆవిడికియ్యి."

"అక్కడ వెయ్యడానికి నేల లేదమ్మా."

"ఎప్పుడూ అక్కడే ఉండిపోతారేటి?"

"ఆవిడ కొండ దిగుతోంది, మీరే ఇవ్వండి. జీపెక్కండి, తీసుకెళ్తాను."

"నానెవర్తిని ఆవిడికి ఇయ్యడానికి? ఆవిడెవర్తి నాకాడ పుచ్చుకోడానికి?" చుట్టూ చూసింది. "మీ సంస్థ ఇచ్చిందని సెప్పు. నాను ఇచ్చినానని మాత్రం అనకు. నీకు పున్నెముంటాది."

ఇన్నేళ్లలో ఎవరిచ్చింది ఎవరి పేరుతో చెప్పాలన్న విషయంలో నతానియేల్ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. "చెప్తానమ్మా," అన్నాడు. ఆమె వెంటనే వెనక్కి తిరిగింది. కాఫీ చెట్ల మధ్యకి వెళ్లాక ఇక కనపడలేదు.

లారీ దగ్గర సోని ఆఖరున నిలబడి ఉంది. బిడ్డని పైన ఎవరికో అందించి, తను చక్రం మీద కాలు పెట్టబోతోంది. నతానియేల్ మూట ఆమె ముందు పెట్టాడు.

"ఇది సంస్థ ఇచ్చింది."

సోని మూట వంక చూసింది. వంగి, ముడి విప్పకుండానే, రెండు చేతులతో గుడ్డ పైనుంచి తడిమింది. తర్వాత లేచి, ఎడమచేతి బొటనవేలు అతని ముందుకి చాపింది. ఆమెకి తెలిసిన తెలుగులో అడిగింది, "ఏలు ఎక్కడ ఎయ్యాల?"

బియ్యానికీ దుప్పటికీ జొరం బిళ్లకీ కూడా సంస్థవాళ్లు వేలిముద్ర వేయించుకుంటారు. కాగితాల పెట్టె జీపులోనే ఉంది. లారీ డ్రైవర్ ఇంజను ఆన్ చేసినవాడు, ఎందుకో మళ్లీ ఆపేశాడు.

"అక్కర్లేదమ్మా," అన్నాడు నతానియేల్.

"సంస్థది?"

"సంస్థదే."

"మరి ఏలు?"

"దీనికి... దీనికి అక్కర్లేదు."

సోని అతని ముఖంలోకి చూసింది. చాపిన వేలిని మెల్లగా పిడికిట్లోకి ముడుచుకుంది. పైనున్నవాళ్లు మూట అందుకుని గోనెల మీద పడేద్దామని చేతులు చాపితే, ఇవ్వలేదు. తన కొంగుతో దాన్ని నడుముకి కట్టుకుని, బిడ్డని మోసినట్టు ఒక చెయ్యి కింద పెట్టుకుని, లారీ ఎక్కింది.